నిండు, సగం, ఖాళీ

బొంబాయిలో మేముండే చాల్ పాతబడిందని, కూలగొట్టి కొత్త బిల్డింగు కడతామని చెప్పి మొన్న ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చేతిలో బొమ్మ సుత్తిలాంటిది ఒకటి. గోడ మీదా, గదుల ముందు పొడుగునా ఉన్న గ్యాలరీ దూలాల మీదా టక్కు టక్కున కొడుతోంది, చెవి పెట్టి వింటోంది, కాగితం మీద గీత పెడుతోంది. ఏం చూస్తున్నావమ్మా అంటే, లోపల గుల్లగా ఉందో గట్టిగా ఉందో చప్పుడులో తెలుస్తుంది అమ్మమ్మా అంది. నాకు చెబుతోంది! ఇదే గ్యాలరీలో వేళ్ళ కణుపులతో కొట్టి లోపల ఏముందో చెప్పిన మనిషి పక్కన పదేళ్ళు బతికినదాన్ని నేను.

ఆయన పేరు రాయను. ఆయనకు పేరుతో పిలిస్తే గిట్టేది కాదు. "పేరు పెట్టి పిల్చేది ఇద్దరే. ఒకడు పోలీసు, ఇంకొకడు రేషనోడు" అనేవాడు. మా ఆయన ఊరి మనిషి, వరసకు మా ఆయనకు చిన్నాయన. కాబట్టి నాకు మామ. ఆయన భార్య నాకు అత్తమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. పక్కపక్క ఒంటిగది ఖోలీలు మావి, నడుమ ఒక చెక్కగోడ. వాళ్ళింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు.

పొట్టి మనిషి, దొడ్డికాళ్ళు. కుడిచేతి కణుపులు పోకకాయల్లా ఉబ్బి ఉండేవి. కనుబొమ్మల్లో ఎప్పుడూ ఎర్రటి దుమ్ము. డాక్‌లో తుప్పు రాల్చే పని ఆయనది. చిప్పింగ్ అనేవాళ్ళు. ఓడ పక్కన తాళ్ళకు వేలాడే పలక మీద కూర్చొని, చిన్న సుత్తితో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుము మీద కొడుతూ ఉండాలి. ఒక్కడు కాదు, వంద మంది ఒకేసారి కొట్టాలి. మా చాల్‌లో సగం మంది మగవాళ్ళది ఆ పనే. కొత్తగా వచ్చినవాళ్ళు మా గ్యాలరీలో ఎప్పుడూ కొట్లాటలే అనుకునేవాళ్ళు. కొట్లాట కాదు, చెముడు. ఒకడు అరిస్తేగాని ఇంకొకడికి వినపడదు.

మామ చెముడులో ఒక విద్య ఉంది. ఎడమ అరచెయ్యి దేనికైనా ఆనించి, కుడి కణుపులతో మూడుసార్లు కొట్టేవాడు. చెవితో కాదు, అరచేత్తో వినేవాడు. రేకు ఎంత మందం మిగిలింది, వెనుక నీళ్ళున్నాయా, గాలి ఉందా, అన్నీ చెప్పేవాడు. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చాడు. మాకు నల్లా పొద్దున ఒక గంట వచ్చేది. ప్రతి ఖోలీ ముందు ఒక ఇనుప పీపా. ఆయన పని నుంచి వస్తూ మెట్ల దగ్గర మొదలుపెట్టి తన గుమ్మం దాకా ప్రతి పీపానూ కొట్టుకుంటూ వచ్చేవాడు.

"నిండు. సగం. సగం. ఖాళీ. ఏం పిల్లా, చుట్టాలొచ్చిండ్రా? నీళ్ళు అడుక్కు దిగినయి."

"నా ఇంటి ముచ్చట నీకెందుకు మామా? నీ ఇంటి పీపా చూసుకో, బొక్క పడి కారుతున్నది."

"అది బొక్క గాదు. మీ అత్త నోరు."

లోపలి నుంచి అత్తమ్మ గరిటె విసిరిన చప్పుడు. ఆ చప్పుడు కూడా ఆయనకు వినపడేది కాదు. మేమందరం నవ్వుతుంటే తనూ నవ్వేవాడు.

డాక్‌కు వంద రకాల ఓడలు వచ్చేవి. ఆయనకు మాత్రం ఒకే వంశం. పెద్ద యుద్ధం నాడు అమెరికావాళ్ళు సరుకు మోయడానికి కట్టిన ఓడలు. లిబర్టీ అనేవాళ్ళు. నాకు అక్షరాలు నలభై దాటాకే వచ్చాయి. అంతకు ముందు నేను చదివింది గ్యాలరీ బండల మీద ఆయన సుద్దముక్కతో గీసిన ఆ ఓడ ఒక్కటే.

"చూడు పిల్లా. ముందల మూడు గుంతలు, ఎనుక రెండు గుంతలు, సరుకు దించేటియి. నడుమ పొయ్యి, అంటే ఇంజను. నెత్తిన ఒక్కటే పొగగొట్టం. ఒక్క దాన్ని చూస్తే అన్నిటిని చూసినట్టే. కండ్లకు గంతలు గట్టి ఏ దాంట్ల దించినా, పాయఖానకు పోయి మల్లొస్త."

"గివి ఎన్ని ఉంటయి మామా?"

"రెండు వేల మీద చేసిండ్రట. అన్ని ఒక్క తల్లి బిడ్డలే. అక్కచెల్లెండ్లు."

"ఆ తల్లి మొగుడెవడో అడుగవే" అంది అత్తమ్మ లోపలి నుంచి.

నేను ఆయన చెవి దగ్గర అరిచి అడిగాను.

"యుద్ధం" అన్నాడు. "ఇంకెవడు?"

తర్వాత మొదలుపెట్టేవాడు. ఎన్నిసార్లు విన్నానో. తిననీకి తీరిక లేనోళ్ళు చేసిన ఓడలవి అనేవాడు. ఒక్కో ముక్క ఒక్కో చోట చేసి తెచ్చి అతికించారట. అంతకు ముందు ఓడంటే రివిట్లు కొట్టాలి, ఏడాది పట్టాలి. ఇవి వారాల్లో నీళ్ళలోకి దిగాయట. ఐదేళ్ళు తేలితే చాలు, ఆలోగా యుద్ధమైనా అయిపోతుంది, ఓడైనా మునిగిపోతుంది అనుకున్నారట. "నలభై ఏండ్లు తేలినయి పిల్లా. పెద్దోళ్ళ అందాజు గిట్లుంటది."

అయితే వాటికి ఒక రోగం ఉండేది. చలి సముద్రాల్లో కొన్ని ఉన్నట్టుండి చీలిపోయాయట. రోగం ఎక్కడుందో చూపించడానికి ఆయన ఒక ఆట ఆడేవాడు. పాత కాగితం తీసుకొని నడిమధ్య చదరంగా కన్నం చేసి రెండు పక్కలా లాగేవాడు. కన్నం మూల నుంచి పర్రున చిరిగేది. ఇంకో కాగితానికి గుండ్రంగా కన్నం చేసి లాగమనేవాడు. అది ఆగేది. "సరుకు దించే గుంతల మూలలు చదరంగ గోసిండ్రు. మూల ఉన్నకాడనే ఏడుపు మొదలైతది" అనేవాడు. తర్వాత ఆ మూలలకు అతుకులు వేశారు, ఓడ రెండు వైపులా పొడుగునా ఒక ఇనుప పట్టీ రివిట్లతో బిగించారు, పగులు వచ్చినా అక్కడికి వచ్చి ఆగిపోవాలని. ఆయన దాన్ని మొలతాడు అనేవాడు. ఆ మొలతాడు మీద తుప్పు రాల్చేటప్పుడు మాత్రం సుత్తిని నెమ్మదిగా వేసేవాడట.

నేను అప్పుడు రవికలు కుట్టేదాన్ని. చదరపు మెడ ఫ్యాషను వచ్చింది. ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసి, "మూల కాడ పిగులుతది, చూస్తుండు" అన్నాడు. పిగిలింది. అప్పటి నుంచి మూలకు లోపల ఒక చిన్న గుడ్డముక్క వేసి కుట్టడం మొదలుపెట్టాను. ఫాక్‌లాండ్ రోడ్డు టైలర్లు కూడా నా రవికె తిరగేసి చూసేవాళ్ళు. ఎవరు నేర్పారంటే, ఓడలోళ్ళు అనేదాన్ని.

ఆ ఓడల ఇంజను ఆవిరిది. ఒకే ఆవిరి చిన్న గొట్టంలో పని చేసి, నడిమి గొట్టంలోకి వచ్చి, పెద్ద గొట్టంలోకి పోయి, మూడుసార్లు తోస్తుందట. అత్తమ్మ ఒకే చాయ్‌పత్తాను మూడుసార్లు మరిగించేది. మూడోసారి చాయ్ ఇస్తే మామ గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టుకొని, "ఇది పెద్ద గొట్టం చాయ్" అనేవాడు. ఇప్పటికీ మా ఇంట్లో పలచటి చాయ్‌కి అదే పేరు. మా పిల్లలకు ఎందుకో తెలియదు.

ఒక్క సంగతిలో మాత్రం వేళాకోళం ఆడేవాడు కాదు. కరువు నాడు అమెరికా గోధుమలు బొంబాయికి ఆ ఓడల్లోనే వచ్చాయి. "మన పాలమూరోళ్ళు రేషన్ల తిన్న ఎర్ర గోధుమలు ఇవే మోసినయి. నాలుగో గుంతల మోకాలి లోతు గింజలు ఊడ్చిన నేను. తిన్నోనివి, తిట్టకు" అనేవాడు, ఎవడైనా వాటిని డొక్కు ఓడలంటే.

ఎనభైలు వచ్చేసరికి ఆ ఓడలు బాగుచేయించుకోవడానికి రావడం మానేశాయి. చావడానికి వచ్చేవి. రే రోడ్డు అవతల రేవులో, పోటు నీళ్ళ మీద బురదలోకి ఎక్కించి గ్యాస్ మంటతో కోసేవాళ్ళు. తుప్పు రాల్చిన గుంపంతా కోసే పనికి పోయింది. మా ఆయన మంట పట్టేవాడు. ఈ ఓడల గుట్టు తెలిసినవాడని మామను ముకద్దంను, అంటే గుంపుకు పెద్దను చేశారు. ఆయన చెప్పులు విప్పి ఓడ ఎక్కి, అరచేత్తో తడిమి, కణుపులతో కొట్టి, ఎక్కడ ముందు కోయాలో ఎక్కడ తర్వాతో సుద్దతో గీసేవాడు. పన్నెండు మంది ఆ గీత మీద మంట పెట్టేవాళ్ళు. "పురుడు వోసిన చేతులే పాడె గట్టాలె. ఇంకెవనికి తెలుస్తది ఎముకలెక్కడున్నయో" అన్నాడు ఒకసారి. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అలా ఒక ఏడు దీపావళి వెళ్ళాక ఇంకొకటి వచ్చింది. ఇక లిబర్టీలు లేవు, ఇదే ఆఖరు అన్నారు. మామ సాయంత్రం ఇంటికి పెళ్ళినుంచి వచ్చినవాడిలా వచ్చాడు.

"వచ్చిందే" అన్నాడు అత్తమ్మతో.

"ఎవరు?"

"చెల్లె. ఆఖరి చెల్లె. మొలతాడు గట్టిగనే ఉన్నది."

"అన్నం తినవోయ్ ముందు" అంది అత్తమ్మ.

నాలుగు రోజులు పోయాక ఒక సాయంత్రం ఎప్పటిలా పీపాలు కొట్టుకుంటూ వచ్చాడు. నా పీపా దగ్గర ఆగి కొట్టాడు. "నిండు" అన్నాడు. ఆ రోజు నేను పీపా తోమడానికి బోర్లించి, కడిగి, ఖాళీగా నిలబెట్టాను. ఏదో పరధ్యానం అనుకొని నవ్వుకున్నాను.

అన్నం తింటూ మా ఆయన అన్నాడు: "ఎల్లుండి ముందలి టాంకీ కోస్తున్నం. చిన్నాయన కొట్టి చూసిండు. ఖాళీ అన్నడు. ఈ ఓడలల్ల గది నీళ్ళ టాంకీయేనట, ఒడ్డెక్కినంక నీళ్ళు తీసేస్తరట."

ఖాళీ పీపాను నిండు అన్న మాట నాకు గుర్తొచ్చింది. నూనె మిగిలిన టాంకీకి మంట తగిలితే ఏమవుతుందో మా చాల్‌లో ఎవరినీ అడగక్కర్లేదు. కింది అంతస్తులో ఇద్దరు కాలిన మగవాళ్ళు ఉండేవాళ్ళు. ఒకడికి చెవులు లేవు.

మామ కొట్టి చెప్పాడా, కొట్టకముందే చెప్పాడా? చుట్టాలు వచ్చిన రోజు తప్ప సాయంత్రం పూట నా పీపా నిండుగానే ఉంటుంది, నిండు అన్నాడు. ఆ వంశం ఓడల్లో ఆ టాంకీ ఎప్పుడూ నీళ్ళదే, ఖాళీ అన్నాడు. చెయ్యి ఏమీ చెప్పకపోతే నోరు పాత సంగతి చెబుతోంది.

మా ఆయనకు చెబితే మామ మీద ఈగ వాలనివ్వడు, నన్నే తిడతాడు. గుంపుకు చెబితే ముసలాయన ముకద్దంగిరీ ఆ పూటే పోతుంది. పిల్లలు లేని ఇల్లు. అత్తమ్మకు కళ్ళు సరిగా ఆనవు. నేను మొహం మీద మాట్లాడే మనిషినని చాల్ అంతా అంటుంది. మరుసటి రోజంతా కుట్టు మిషన్ ముందు కూర్చొని ఒక్క కుట్టు వేయలేదు. సాయంత్రానికి పీపాలో నీళ్ళన్నీ బిందెల్లోకి వంపి, మూత పెట్టి, ఆయన వచ్చేదాకా గ్యాలరీలో నిలబడ్డాను.

"మామా, జర ఈ పీపా కొట్టి చెప్పు."

"నిన్న చెప్తి గద."

"ఇయ్యాల చెప్పు."

నవ్వుతూ ఎడమ అరచెయ్యి ఆనించాడు. మూడుసార్లు కొట్టాడు. "నిండు."

మూత తీశాను. అడుగున తుప్పు మరక తప్ప చుక్క లేదు.

"పొద్దుగాల నల్లా రాలేదా?"

"వచ్చింది. నేనే వంపిన. మామా, నీ చెవులు పోయినయని అందరికి ఎరికే. నీ చెయ్యి గూడ పోయింది. నిన్న గూడ తప్పే చెప్పినవ్. రేపు నా మొగడు నీ మాట మీద మంట పెడ్తడు."

ఆయన చెవికి అందాలని అరిచే చెప్పాను. గ్యాలరీ చివరిదాకా వినపడి ఉంటుంది. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో బియ్యం చాట.

"ఏందే, ముసలోనికి పరీక్ష పెడ్తున్నవా? ఆయన ఓడలెక్కేనాటికి నువ్వు లంగ గట్టలే!"

మామ ఆమె వైపు చూడలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి, పీపాలోకి భుజం దాకా చెయ్యి దించి అడుగు తడిమాడు. పైకి తీసి, పొడిగా ఉన్న వేళ్ళు చూసుకున్నాడు.

"ఎన్నాళ్ళ సంది?" అని అడిగాడు.

"నాకెరికై, నిన్నటి సంది."

"నాకెరికై, దసరా సంది" అన్నాడు.

లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

తర్వాతి రోజు జరిగింది మా ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. పొద్దున్నే మామ ఓడ ఎక్కి, టాంకీ మీద తను గీసిన సుద్దగీతను అరచేత్తో తుడిచేశాడట. మంట వెలిగించొద్దు, మూత బోల్టులు విప్పి చూడండి అన్నాడట. బోల్టులు నలభై ఏళ్ళ తుప్పు పట్టి ఉన్నాయి. ఓడను కోయించే ఠేకేదారు మనిషి కింద నుంచి తిట్లు. పూట పని పాయె, నిన్న ఖాళీ అన్నవాడివి ఇవాళ ఏం పుట్టింది నీకు అని. మామ తనే సుత్తి పట్టుకొని బోల్టు మీద కొడుతూ కూర్చున్నాడట. మధ్యాహ్నానికి మూత లేచింది. లోపల నడుము లోతు నల్ల నూనె. ఎవరో పాత యజమాని నీళ్ళ టాంకీని నూనెకు వాడుకున్నాడు. ఈ చెల్లెలు అక్కల్లా లేదు.

గుంపంతా మామ కాళ్ళ మీద పడ్డంత పని చేశారట. తిట్టిన మనిషే పైకి ఎక్కి వచ్చి వీపు తట్టాడట. "క్యా బాత్ హై, బుడ్డే! తూ తో జాదూగర్ నిక్లా!" మంత్రగాడివి అన్నాడు. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు నోరు మూసుకొని ఉంటే ఆయన ఇంకో పదేళ్ళు ముకద్దమే.

మామ గుంపు వైపు తిరిగి, "నాకు తెల్వదు" అన్నాడట. "నిన్న నేనే ఖాళీ అన్న. చెయ్యి పనిచేస్తలేదు. దసరా సంది చేస్తలేదు. మీకు చెప్పలే. చెప్తే పని పోతదని చెప్పలే. ఇప్పటి సంది ఎవడు గీత గీసినా, ఎవని మాటా నమ్మొద్దు. మూత దీసి చూసినంకనే మంట వెట్టుండ్రి." సుద్దముక్క మా ఆయన జేబులో వేసి తాడు నిచ్చెన దిగిపోయాడట. గేటు దగ్గర కాపలా ఉండమన్నారు. ఉండలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. నాగ్‌పాడాలో ఒక పాత సామాన్ల దుకాణంలో ఓడల నుంచి వచ్చిన ఇత్తడి గొళ్ళేలు, కిటికీ చట్రాలు చింతపండుతో తోమేవాడు. ఏ ఓడదో చూసి చెప్పేవాడు, కళ్ళతో. పీపాలు మాత్రం మళ్ళీ కొట్టలేదు. గ్యాలరీలో సాయంత్రాలు చప్పుడు లేకుండా పోయాయి. పిల్లలు కొన్నాళ్ళు తామే కొట్టి చూశారు, ఎవరికీ చెప్పడం రాలేదు.

ఆయన ఓడ దిగి వచ్చిన రోజే అత్తమ్మ నాతో మాటలు మానేసింది. నల్లా దగ్గర నా బిందె పక్కన తన బిందె పెట్టేది కాదు. ఆమెను తప్పుపట్టను. ఆమె పొయ్యి మీద నేను నీళ్ళు పోశాను. నా మొగుడు ఇంటికి వచ్చి అన్నం తింటున్నాడు, ఆమె మొగుడు ఇంకా వేరే పని దొరకక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చెక్కగోడ అవతల ఆమె చాయ్ మరిగించే చప్పుడు నాకు వినపడేది. మూడోసారి కాదు, నాలుగోసారి కూడా.

ఓడ దిగిన ఎనిమిదో రోజు పొద్దున మామ మా గుమ్మంలోకి వచ్చాడు.

"బిడ్డా, మంచి చీర గట్టుకొని రా. నీ మొగణ్ణి గూడ తోల్కరా."

ఎప్పుడూ పిల్లా అనేవాడు, బిడ్డా అన్నాడు. పోయి చూస్తే వాళ్ళ ఖోలీలో రెండు పీటలు వేసి ఉన్నాయి. చాటలో పసుపు కలిపిన బియ్యం. కుడకలు, పోకలు, ఒక రవికె గుడ్డ. ఒడిబియ్యం. మా వైపు పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటివాళ్ళు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, కొంగు నిండా బియ్యం పోసి పంపుతారు. నీకొక ఇల్లుందని చెప్పడం అది. నాకు అమ్మానాన్నలు పెళ్ళయిన ఏడే పోయారు. అన్నదమ్ములు లేరు. మా చాల్‌లో ప్రతి ఆడది మూడేళ్ళకో ఐదేళ్ళకో ఊరికి పోయి ఒడి నింపుకొని వచ్చేది. నేను పోలేదు.

అత్తమ్మ చాట పట్టుకొని గోడ వైపు చూస్తూ అంది, "అత్తగారింటోళ్ళు ఒడిబియ్యం వోస్తరా యాడన్న? నవ్వుతరు."

ఆయనకు వినపడలేదు. ఆమె మళ్ళీ అరిచింది. గ్యాలరీ అంతా విన్నది.

"ఇయ్యాల్టి సంది అది నన్ను మామ అనది" అన్నాడు. "కడుపున వుట్టిన బిడ్డయితేనే మొహం మీద గట్ల చెప్తది. వేరేటోళ్ళు నవ్వి ఊకుంటరు. దసరా సంది తప్పు చెప్తుంటే మన మొగోళ్ళందరు ఊకున్నరు గద. బియ్యం వొయ్యి."

మా ఆయన తల దించుకున్నాడు. నేను పీట మీద కూర్చొని కొంగు పట్టాను. అత్తమ్మ నా మొహం చూడకుండానే దోసిలి నింపి పోసింది. ఒకటి. రెండు. మామ పక్కన నిలబడి చూస్తున్నాడు. మూడు. నాకు కొంగు కనపడటం లేదు, అంతా పచ్చగా అలుక్కుపోయింది. నాలుగో దోసిలి పోస్తూ ఆమె ఆగింది. ఎనిమిది రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"కొంగు జర పైకి వట్టవే. బియ్యం కింద వడ్తున్నయ్."